ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు: పాపకు మీ తెలుగుతోనే నేర్పించవచ్చు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాప ఐదో తరగతి. ప్రతి శనివారం పెట్టే స్పెల్లింగ్ టెస్టులో 20కి 20 తెచ్చుకుంటుంది. అదే పిల్ల సొంతంగా పది వాక్యాలు రాయమంటే దేర్, టూ, క్వైట్, లూజ్ లాంటి మాటల దగ్గర ఒకటి రాయాల్సిన చోట ఇంకొకటి రాసేస్తుంది. టీచరుగారు "ఇంట్లో శ్రద్ధ పెట్టండి" అని రాసి పంపారు. "నేను ఇంటర్ దాకా తెలుగు మీడియమే. నాకే ఇవి సరిగ్గా రావు. ట్యూషన్ పెట్టించాలా?" అని మీరు అడిగారు.

ట్యూషన్ అక్కర్లేదమ్మా. నేను 26 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ ఒక్క విషయంలో పిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది వాళ్ళ తెలుగే అని నా అనుభవం. మీకు తెలుగు బాగా వచ్చు కాబట్టి ఈ పని మీరే చేయగలరు. ఎలాగో వివరంగా చెబుతాను. స్పెల్లింగులు మనం పైకి చదువుకునేటట్టే అక్షరాల పేర్లతో రాస్తున్నాను. పాపతో కూడా అలాగే పలికించండి.

ముందు ఈ తప్పు ఎక్కడ పుడుతోందో చూద్దాం. టెస్టులో టీచరు మాట చెబుతారు, పిల్ల ఆ వారం బట్టీ పట్టిన 20 మాటల్లోంచి దాన్ని తీసి రాస్తుంది. అక్కడ అర్థంతో పనే లేదు. సొంతంగా రాసేటప్పుడు అలా కాదు. మనసులో ముందు శబ్దం వస్తుంది, ఆ శబ్దానికి ఏ స్పెల్లింగ్ ముందు తడితే చెయ్యి అదే రాసేస్తుంది. తెలుగు పిల్లల్లో ఈ అలవాటు ఇంకా గట్టిగా ఉంటుంది. మన లిపే అలాంటిది. 'కమలం' అని వినపడితే క, మ, ల, సున్నా. విన్నది రాస్తాం, రాసింది చదువుతాం. కాబట్టి పాప చెవి సరిగ్గానే పనిచేస్తోంది. ఆ చెవికి ఇంగ్లీషులో ఇంకో తోడు కావాలి, అంతే.

ఆ తోడు అర్థం. మన చిన్నప్పుడు "సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి" అని రాగం తీసి చెప్పించేవాళ్ళు కదా. అందులో చివరి ముక్కను, ఆ "అంటే పిల్లి"ని, ఇప్పుడు చాలా చోట్ల వదిలేశారు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లకు తెలుగు ఎందుకులే అని. తికమక పెట్టే మాటల దగ్గర మాత్రం ఆ చివరి ముక్కే అసలు పాఠం అని నేను గట్టిగా నమ్ముతాను.

దేర్ తీసుకోండి. ఇంగ్లీషులో మూడు మాటలు చెవికి ఒకేలా తగులుతాయి. తెలుగులోకి వస్తే ఒకటి 'అక్కడ', ఒకటి 'వాళ్ళ', ఇంకొకటి 'వాళ్ళు ఫలానా చోట ఉన్నారు, ఫలానా పని చేస్తున్నారు' అనే అర్థం. తెలుగు పిల్లలెవరూ 'అక్కడ' అనాల్సిన చోట 'వాళ్ళ' అనరు. ఇంగ్లీషు కలిపేసిన మూడింటిని తెలుగు విడదీసి పెట్టింది. దాన్ని వాడుకోండి. డిక్టేషన్ ఇంగ్లీషులో చెప్పకండి, తెలుగులో చెప్పండి. "వాళ్ళ ఇల్లు అక్కడ ఉంది." పాప దాన్ని ఇంగ్లీషులో రాయాలి. 'వాళ్ళ' దగ్గర ఒక స్పెల్లింగ్, 'అక్కడ' దగ్గర ఇంకో స్పెల్లింగ్. ఒక్క వాక్యంలో రెండూ వచ్చాయి, ఎక్కడా తికమక పడాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే తను శబ్దం నుంచి కాకుండా అర్థం నుంచి మొదలుపెట్టింది.

ఇక స్పెల్లింగ్ గుర్తుండటానికి. మనకు ఎక్కడ, అక్కడ, ఇక్కడ ఒక కుటుంబం. ఇంగ్లీషులో వేర్, దేర్, హియర్ కూడా ఒక కుటుంబమే. హియర్ అంటే హెచ్-ఈ-ఆర్-ఈ. దాని ముందు టీ పెడితే దేర్, డబ్ల్యూ పెడితే వేర్. చోటు చెప్పే మాటైతే దాని కడుపులో హియర్ ఉండి తీరాలి. 'అందరూ ఇంట్లో ఉండేవాళ్ళు' అనేటప్పుడు వచ్చే డబ్ల్యూ-ఈ-ఆర్-ఈలో హెచ్ లేదు, అది చోటు కాదు కనుక. మనలో చాలామంది ఆ రెండింటినీ 'వేర్' అనే పలుకుతాం, అందుకే పిల్లలు అక్కడ పడిపోతారు. 'వినడం' అనే హియర్‌కు లోపల చెవి ఉంటుంది: హెచ్, దాని వెనక ఈ-ఏ-ఆర్. 'ఎప్పుడు, అప్పుడు' జత కూడా చూపించండి: వెన్, దెన్, రెండింటి చివరా ఈ-ఎన్. 'అక్క కంటే పొడుగు' అనే 'కంటే'కు ఆ చుట్టరికం లేదు, దానికి ఏ-ఎన్.

'వాళ్ళ' దగ్గర పిల్లలు ఐని ముందుకు తెచ్చి టీ-హెచ్-ఐ-ఈ-ఆర్ అని రాస్తారు. ఈ ఒక్క మాట చెప్పి చూడండి: దేర్ ముగ్గురికీ మొదటి మూడు అక్షరాలు ఒకటే, టీ-హెచ్-ఈ. 'వాళ్ళు' అనే దే కూడా టీ-హెచ్-ఈతోనే మొదలవుతుంది. ఇది పట్టుకున్న పిల్లలు ఆ తిరగేయడం చాలా త్వరగా మానేస్తారు.

ఇక ఇంపోజిషన్ సంగతి. టీచరుగారు తప్పు మాటలు పదేసిసార్లు రాయించమన్నారని కూడా రాశారు మీరు. నేనూ తొలి ఏళ్లలో అదే చేశాను. ఒకరోజు ఏడో తరగతి అబ్బాయికి, నిశ్శబ్దం అనే అర్థం వచ్చే క్వయెట్ పదిసార్లు రాయమని ఇచ్చి, వాడి వెనక నిలబడి చూశాను. వాడు పేజీలో పైనుంచి కిందకి ముందు పది క్యూలు దించాడు. వాటి పక్కన పది యూలు. తర్వాత పది ఐలు. అలా టీ దాకా. నిలువు వరసలు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. చివరి టీ పెట్టి, పుస్తకం నా చేతికిచ్చి, అయిపోయిందండీ అన్నాడు. వాడు తప్పించుకోవాలని అలా చేయలేదు, పని శుభ్రంగా చేయాలనే చేశాడు. కానీ ఆ పదిసార్లలో ఒక్కసారి కూడా ఆ మాట మాటగా వాడి మనసులోకి వెళ్ళలేదు. ఆ సాయంత్రం నుంచి నేను ఇంపోజిషన్ ఇవ్వలేదు. మీరు టీచరుగారితో మర్యాదగా మాట్లాడి, పదిసార్లు మాట రాయించే బదులు ఆ మాటతో రెండు సొంత వాక్యాలు రాయించడానికి ఒప్పించండి. చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు. దిద్దడం కూడా తేలికే.

ఆ క్వయెట్‌కు తర్వాత అదే తరగతిలో ఒక అమ్మాయి ఉపాయం చెప్పింది. "డైట్‌లో ఉన్నవాళ్ళు నోరు మూసుకోవాలి కదా టీచర్, నోరు మూసుకుంటే నిశ్శబ్దమే కదా. రెండింటి చివరా ఐ-ఈ-టీ." నేను చెప్పినవి మర్చిపోయినా ఆ అమ్మాయి చెప్పింది క్లాసులో ఎవరూ మర్చిపోలేదు. కాబట్టి పాపనే ఉపాయం కనిపెట్టమని అడగండి. అది మీకు అర్థం లేనట్టు అనిపించినా ఫరవాలేదు, తనకు గుర్తుంటే చాలు.

లూజ్ సంగతి కొంచెం నెమ్మదిగా చూడాలి. ఇక్కడ మన వాడుక తెలుగే దారి తప్పిస్తోంది. ఇళ్లలో ప్యాంటు లూజైంది, స్క్రూ లూజుగా ఉంది అంటాం. ఇంగ్లీషులో వదులు అనే మాట నిజానికి 'లూస్', చివర స. 'లూజ్' అని జ పలికేది పోగొట్టుకోవడానికి, ఓడిపోవడానికి. అంటే వదులుకు మనం వాడే శబ్దం ఇంగ్లీషులో ఓడిపోవడానిది. 'నేను ఓడిపోదల్చుకోలేదు' అని పాప రాయబోతుంటే చెవిలో ఇంట్లో రోజూ వినే వదులు లూజే మోగుతుంది, రెండు ఓలు పడిపోతాయి.

నేను చేసింది ఇది. ముందు వదులును పక్కన పెట్టి, ఓడిపోవడం ఒక్కటే చెప్పాను: ఎల్-ఓ-ఎస్-ఈ. పోగొట్టుకున్న మాట కాబట్టి ఒక ఓ పోయింది, ఒక్కటే మిగిలింది. కబడ్డీలో ఓడిపోయిన వాక్యాలు, పెన్సిల్ పోగొట్టుకున్న వాక్యాలు రెండు వారాలు రాయించాను. అది నిలబడ్డాక వదులు తెచ్చాను: ఎల్-ఓ-ఓ-ఎస్-ఈ. బాతు జాతి పక్షి గూస్ ఉంది కదా, జీ-ఓ-ఓ-ఎస్-ఈ, దానితో ప్రాస కలిపి లూస్, గూస్ అని పలికించాను. అప్పుడు శబ్దమూ సరైంది, స్పెల్లింగూ సరైంది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మీ అమ్మగారో అత్తగారో "జాకెట్టు లూజైంది" అంటే పాప ముందు వాళ్ళను దిద్దకండి. అది తెలుగులో స్థిరపడిన మాట, తెలుగుగా అది తప్పు కాదు. ఇంగ్లీషు రాసేటప్పటి సంగతి వేరని పాపకు చెబితే చాలు, పిల్లలకు ఆ తేడా బాగానే అర్థమవుతుంది.

ఈ లూజ్ కథలోనే రెండో పెద్ద సూత్రం ఉంది. గైడు పుస్తకాల్లో తికమక మాటలన్నీ జంటలు జంటలుగా, రెండు గడుల్లో అచ్చు వేసి ఉంటాయి. రెండూ రాని పిల్లకు రెండూ ఒకేసారి పక్కపక్కన చూపిస్తే అవి ఎప్పటికీ కలిసే గుర్తొస్తాయి, ఏది ఏదో మాత్రం గుర్తుండదు. కొత్తగా పరిచయమైన కవల పిల్లలను ఒకేసారి చూస్తే మనకెలా ఉంటుందో అలాగే. ఒకరితో ముందు బాగా చనువు ఏర్పడితే రెండోవారు వచ్చినప్పుడు తేడా దానంతటదే తెలుస్తుంది. కాబట్టి జంటలో ఎక్కువ వాడే మాట ముందు, రెండోది కనీసం రెండు మూడు వారాల తర్వాత. దేర్, టూ లాంటివి తెలుగు అర్థంతోనే విడిపోతాయి కాబట్టి వాటిని కలిపి రాయించవచ్చు. పాప ఇప్పటికే కలిపేసిన మిగతా జంటలకు మాత్రం ఒకదాన్ని కొన్నాళ్లు దాచేసి, రెండోదాన్ని గట్టి చేయండి.

ఇప్పుడు 'రాసే గొంతు' గురించి. ఇది మన పిల్లలకు బాగా నప్పే పద్ధతి, ఎందుకంటే వాళ్ళు విన్నది రాయడంలో దిట్టలు. ప్రతి కష్టమైన మాటకూ రెండు పలుకులు పెట్టాను. ఒకటి మాట్లాడే గొంతు, రెండోది రాసేటప్పుడు మనసులో మాత్రమే అనుకునే గొంతు. బుధవారం మాట్లాడేటప్పుడు 'వెన్స్‌డే', రాసేటప్పుడు 'వెడ్-నెస్-డే'. ద్వీపం మాట్లాడేటప్పుడు 'ఐలాండ్', రాసేటప్పుడు 'ఇస్-లాండ్'. విడిగా అనే అర్థమున్న 'సెపరేట్' రాసేటప్పుడు 'సెప్-ఆ-రేట్', అప్పుడు మధ్యలో ఈ రాయరు, ఏ రాస్తారు. రాసే గొంతును బయటికి అననివ్వకండి, లేకపోతే ఉచ్చారణ పాడవుతుంది.

మంచి విషయమేమిటంటే, కొన్ని మాటలకు మన వాళ్ళ పలుకే రాసే గొంతు. మనం కాలేజీ 'ప్రిన్సిపాల్' అంటాం. ఇంగ్లీషువాళ్ళు 'ప్రిన్సిపల్' అని చివర తేల్చేస్తారు, నియమం అనే అర్థమున్న మాటనూ అలాగే పలుకుతారు, అందుకే వాళ్ళ పిల్లలు కూడా ఈ రెండింటి దగ్గర తడబడతారు. మన నోట్లో 'పాల్' స్పష్టంగా ఉంది: పీ-ఏ-ఎల్. నియమానికి పీ-ఎల్-ఈ. ఈ జంట తెలుగు పిల్లలకు కష్టం కాకూడదు. 'ప్రిన్సిపాల్ గారు' అని తెలుగులో అని, చెవిలో పడింది రాయమనండి.

డైరీ దీనికి ఎదురు. మనం రోజూ రాసుకునేదాన్నీ డైరీ అంటాం, పాల డెయిరీనీ డైరీ అనే అంటాం. పొద్దున్నే పాలు తీసుకెళ్ళి కేంద్రంలో పోసే ఒక రైతు కొడుకు ఆరో తరగతిలో 'మా నాన్న' మీద వ్యాసం రాశాడు. నాన్న రోజూ తెల్లవారుజామున ఐదింటికి డైరీకి వెళ్తాడని మొదటి వాక్యం, స్పెల్లింగ్ మాత్రం రాసుకునే పుస్తకానిది. వాడిని దగ్గరికి పిలిచి, రోజూ రాసుకునేదాన్ని తెలుగులో ఏమంటార్రా అని అడిగాను. దినచర్య అన్నాడు. 'ది' రాయాలంటే ఇంగ్లీషులో ఏమేం కావాలి? డీ, ఐ. దినచర్య డైరీ డీ-ఐతో మొదలవుతుంది అన్నాను. వాడు కాసేపు పుస్తకంలోకి చూసి, "మరి పాలదానికి ఐ వెనక్కి వెళ్ళి ఏ ముందుకొస్తుందా అండీ?" అన్నాడు. వస్తుంది. డీ-ఏ-ఐ-ఆర్-వై. వాడే దిద్దుకున్నాడు, నేను ఎర్ర పెన్ను తీయలేదు.

పిల్లలు "తెలుసుకోవడం అనే నోలో కే ఎందుకు, పలకనప్పుడు?" అని అడుగుతారు. అది ఇంగ్లీషంతే అని కొట్టిపారేయకండి, ఎందుకంటే దానికి మంచి జవాబుంది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఆ కేను పలికేవాళ్ళు. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడటం మొదలైంది. నోళ్ళలో శబ్దాలు మాత్రం మారుతూనే పోయాయి. అలా పాత పలుకు రాతలో మిగిలిపోయింది. మన దగ్గర 'జ్ఞానం' చూడండి. రాసేది జ కింద ఞ వత్తు. పలికేది 'గ్నానం' అనో 'గ్యానం' అనో. దాన్ని ఏ తెలుగు పిల్లా తప్పు రాయదు, గ రాయాలని పట్టుబట్టదు. ఇంకో విశేషం, తెలుసుకోవడం అనే ఇంగ్లీషు 'నో'కూ సంస్కృతం నుంచి మనకొచ్చిన 'జ్ఞానం'కూ మూలం ఒకటే. భాషా శాస్త్రవేత్తలు ఆ రెండింటినీ ఒకే పాత ధాతువుకు కలుపుతారు. అక్కడ పలకని కే, ఇక్కడ మనం సరిగ్గా పలకని జ, ఒకే పాత శబ్దానికి వారసులు. నేను ఇది బోర్డు మీద రాసినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి చూసేవాళ్ళు. జ్ఞానం ఉన్న 'నో'కు కే ఉంటుంది, 'వద్దు' అనే నోకు ఉండదు. తెలిసింది అనే 'న్యూ'కు కే ఉంటుంది, కొత్త చొక్కా 'న్యూ'కు ఉండదు. అంతకన్నా వివరించాల్సింది లేదు.

రెండు అనే టూలో డబ్ల్యూ కూడా అలాంటి పాత గుర్తే. ట్విన్స్, ట్వైస్, ట్వెల్వ్, ట్వెంటీ అన్నింటిలో ఆ టీ-డబ్ల్యూ వినిపిస్తుంది, అన్నింటిలో రెండు అనే భావం ఉంది. 'మరీ ఎక్కువ', 'కూడా' అనే టూకు ఒక ఓ ఎక్కువ. మనం తెలుగులోనే 'టూ మచ్ చేస్తున్నావ్' అంటాం కదా, ఆ ఎక్కువకే ఎక్కువ ఓ.

ఇట్స్ దగ్గర ఒకే పరీక్ష. 'ఇట్ ఈజ్' అని విడదీసి చదివితే వాక్యం నిలబడిందా? నిలబడితే పైన కామా పెట్టాలి. ఆ కామా ఎగిరిపోయిన అక్షరానికి గుర్తు. కుక్క 'దాని' తోక ఊపింది అనేటప్పుడు కామా రాదు. హిస్, హర్స్, అవర్స్ వీటిలో వేటికీ పైన కామా లేదు, దీనికీ లేదు. యువర్ జంటకూ, హూస్ జంటకూ ఇదే పరీక్ష.

సలహాకు సీ, సలహా ఇవ్వడానికి ఎస్. మన చెవికి అడ్వైస్, అడ్వైజ్ తేడా తెలుస్తుంది కాబట్టి ఉచ్చారణ నేర్పితే స్పెల్లింగ్ వెంట వస్తుంది. ప్రభావం అనే ఎఫెక్ట్‌కు ఈ అని గుర్తుండటానికి 'సైడ్ ఎఫెక్ట్' చాలు, మందుల షాపులో పాప రోజూ వినే మాటే. ప్రభావం 'చూపడం' పని, దానికి ఏ. భోజనం తర్వాత తినే డెసర్ట్‌కు రెండు ఎస్‌లు, స్వీటు రెండోసారి అడుగుతాం కనుక. ఎడారికి ఒక్కటే.

స్టేషనరీ జంటకు ఒక చిన్న చరిత్ర ఉంది. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళే ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర ఒకేచోట కుదురుగా కొట్టు పెట్టుకుని పుస్తకాలు, రాత సామగ్రి అమ్మేవాళ్ళను స్టేషనర్ అన్నారు. కదలకుండా ఉండటం అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది. స్టేషనర్ చివర ఈ-ఆర్ ఉంది కనుక అతను అమ్మే సరుకుకు కూడా ఈ. కదలని వస్తువుకు ఏ. చిన్న పిల్లలకు ఎరేజర్‌లో ఈ, ఎన్వలప్‌లో ఈ అంటే సరిపోతుంది. పాప ఐదో తరగతే కాబట్టి ఇది వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు.

రోజువారీ పని ఎలా పెట్టుకోవాలో చెబుతాను. రాత్రి భోజనం అయ్యాక ఐదు నిమిషాలు, మూడు వాక్యాలు, అంతకు మించి వద్దు. మీరు తెలుగులో చెప్పండి, పాప ఇంగ్లీషులో రాస్తుంది. తప్పు రాస్తే తప్పు మాట మీద పెద్దగా సున్నాలు చుట్టకండి, తప్పు రూపమే కంట్లో నిలిచిపోతుంది. దాన్ని పూర్తిగా కొట్టేసి పక్కన సరైనది రాయండి. తర్వాత సరైనదాన్ని చూసి, చేత్తో మూసి, రాసి, మళ్ళీ తెరిచి సరిచూసుకోమనండి. అదే మాట మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి వేరే వాక్యంలో రావాలి. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా మరపున పడుతుందని 1885లోనే చూపించాడు. మరిచిపోయే లోపల మళ్ళీ పలకరించడమే మనం చేయాల్సింది.

వాక్యాలు మీకు తట్టకపోతే ఒక దారి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఇప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. ఎదురెదురు పేజీల్లో ఒకే పాఠం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. మీ పాప ప్రైవేటు బడిలో ఉన్నా, పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. తెలుగు పేజీలోంచి మీరు ఒక వాక్యం చదవండి, పాప రాశాక ఇంగ్లీషు పేజీతో పోల్చండి. మీ ఇంగ్లీషు మీద మీకు నమ్మకం లేకపోయినా జవాబు పుస్తకంలోనే ఉంటుంది, టెన్షన్ అక్కర్లేదు.

ఫోన్‌లో తప్పులు దిద్దే సదుపాయం ఉందిగా అని మీ వారు అన్నారని రాశారు. అది లేని మాటను పట్టుకుంటుంది. ఈ జంటల్లో రెండూ ఉన్న మాటలే కనుక చాలాసార్లు వదిలేస్తుంది. పరీక్షలో చేతిలో ఫోన్ కూడా ఉండదు.

మీ అక్కగారి పిల్లలు అమెరికాలో ఉన్నారని, వాళ్ళ స్పెల్లింగులతో పాప పోల్చుకుని బాధపడుతోందని కూడా రాశారు. సాధన అనే ప్రాక్టీస్ అక్కడ నామవాచకానికీ క్రియకూ సీతోనే రాస్తారు. మన పుస్తకాల బ్రిటిష్ పద్ధతిలో క్రియకు ఎస్. రంగు అనే కలర్‌లో వాళ్ళు యూ రాయరు, మనం రాస్తాం. రెండూ సరైనవే, బడిలో ఏది నేర్పితే అది రాయాలి. అక్కడి స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ పోటీలో మన పిల్లలు ఎంతమంది రాణిస్తున్నారో మీకు తెలుసు. ఆ పోటీలు ఒకసారి పాపకు వీడియోలో చూపించండి. మాట వినగానే వాళ్ళు స్పెల్లింగ్ మొదలుపెట్టరు. దాని అర్థమేమిటి, ఏ భాష నుంచి వచ్చింది, ఒక వాక్యంలో చెప్పండి అని అడుగుతారు. అంత ఆరితేరిన పిల్లలు కూడా చెవిని ఒక్కదాన్నే నమ్ముకోరు.

ఒక జాగ్రత్త. పాప తెలుగు కూడా వయసుకు తగ్గట్టు చదవలేకపోతున్నా, బీ, డీ ఇంకా తిరగేసి రాస్తున్నా, చదవమంటే కడుపునొప్పి అని తప్పించుకుంటున్నా, అది ఈ జంటల తికమక కాకపోవచ్చు. పిల్లల డాక్టరును అడిగి అభ్యసన సమస్యలు పరీక్షించే నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది, సీబీఎస్ఈ లాంటి బోర్డులు పరీక్షల్లో అదనపు సమయం కూడా ఇస్తాయి. మీరు చెప్పిన దాన్నిబట్టి పాపకు ఆ లక్షణాలు కనిపించడం లేదు. ఇరవైకి ఇరవై తెచ్చుకునే పిల్లకు జ్ఞాపకశక్తి పుష్కలంగా ఉంది.

ఈ రాత్రికి మూడు వాక్యాలు నేనే ఇస్తున్నాను. మీరు తెలుగులో చదివి వినిపించండి, పాపతో ఇంగ్లీషులో రాయించండి. "వాళ్ళ కుక్క అక్కడ పడుకుంది." "ఇక్కడ రెండు కుర్చీలు ఉన్నాయి." "నాకు కూడా ఒక పుస్తకం కావాలి." క్వయెట్, లూజ్ ఈ రెండు వారాలు ముట్టుకోకండి. దేర్, టూ కుదురుకున్నాక పాప నోట్సులోంచి ఇంకా తడబడుతున్న మాటలు నాకు రాయండి, వాటికి వాక్యాలు కట్టి పంపుతాను.